మ్యాన్ పేజీ వెనక మనిషి

కోడ్ రాసి కాగితం మీద పేజీని కుదురుగా నిలబెట్టడం ఎలాగో చూపించిన ఇంజినీర్ జో ఒసానా. యూనిక్స్‌కు తొలి సొంత కంప్యూటర్ దొరకడం వెనక ఉన్నదీ ఆయనే. ప్రాజెక్టు, ఇంటర్వ్యూ, ఉద్యోగం అంటూ తిరుగుతున్న మనకు ఆయన జీవితంలో పనికొచ్చే విషయాలు చాలానే ఉన్నాయి.

నా మొదటి ఉద్యోగంలో మొదటిసారి గట్టిగా తిట్లు పడింది ఒక బిల్లు వల్ల. హోల్‌సేల్ షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీ అది. ప్రింట్ మాడ్యూల్ రాయడం సీనియర్లెవరికీ ఇష్టం ఉండదు కాబట్టి అది ఫ్రెషర్‌నైన నా మీద పడింది. స్క్రీన్ మీద అంతా బాగానే కనిపించింది. షాపులో సరుకుల జాబితా కాస్త పొడుగైన రోజున మాత్రం, మొత్తం ఎంతో చెప్పే లైన్ ఒక్కటే రెండో పేజీలోకి జారిపోయింది. మొదటి కాగితంలో మొత్తం లేదు, రెండో కాగితంలో సరుకు లేదు. ఆ రెండో కాగితం దారిలో ఎక్కడో పోయింది. మొత్తం లేని బిల్లుకు డబ్బులు ఎలా ఇస్తానని అవతలి వ్యాపారి మొండికేశాడు.

రెండు రాత్రులు కూర్చుని సరిచేశాను. కొన్నాళ్లకు తెలిసిందేమిటంటే, నేను అంత తంటాలు పడ్డ సమస్యకు 1970ల నాటి ఒక ప్రోగ్రామ్‌లో రెండక్షరాల కమాండ్ ఉంది. ఆ ప్రోగ్రామ్ పేరు టీరాఫ్. రాసినాయన జోసెఫ్ ఒసానా. యూనిక్స్ చరిత్ర చదివినవాళ్లకు ఆయన జో ఒసానాగానే తెలుసు.

రేడియో నుంచి కంప్యూటర్‌కి

ఒసానా 1928 డిసెంబర్ 10న అమెరికాలోని డెట్రాయిట్‌లో పుట్టారు. అక్కడి వేన్ స్టేట్ యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి, 1952లో డిగ్రీ పూర్తిచేశారు. తర్వాత బెల్ ల్యాబ్స్‌లో చేరారు. టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీకి పరిశోధన విభాగం లాంటిది అది. ట్రాన్సిస్టర్ పుట్టింది అక్కడే. న్యూజెర్సీలోని మర్రే హిల్ క్యాంపస్‌లో ఆయన పని.

గమనించండి, ఆయన కంప్యూటర్ సైన్స్ చదవలేదు. అప్పటికి ఆ పేరుతో కోర్సులే లేవు. తొలి ఏళ్లలో ఆయన పనిచేసింది యాంప్లిఫయర్ల డిజైన్, మొబైల్ రేడియోలో సిగ్నల్ ఎందుకు తగ్గుతుందనే లెక్కలు, ఉపగ్రహం ఆకాశంలో ఏ కోణంలో కనిపిస్తుందో ముందే చెప్పే లెక్కల మీద. కంప్యూటర్ ఆయన దగ్గరికి వచ్చింది ఈ లెక్కల ద్వారానే. ఈసీఈ, ఈఈఈ, మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్ వైపు చూస్తూ, నాది వేరే బ్రాంచి కదా అని వెనకాడేవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు.

1960ల మధ్యలో ఎంఐటీ, జనరల్ ఎలక్ట్రిక్, బెల్ ల్యాబ్స్ కలిసి మల్టిక్స్ అనే భారీ ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టాయి. ఒకే కంప్యూటర్‌ని చాలామంది ఒకేసారి వాడుకోవాలన్నది లక్ష్యం. 1965లో మల్టిక్స్ గురించి ఒక కాన్ఫరెన్స్‌లో వరసగా పేపర్లు వచ్చాయి. బయటి పరికరాలతో కంప్యూటర్ ఎలా మాట్లాడాలనే పేపర్ రాసినవాళ్లలో ఒసానా ఒకరు. టెర్మినల్, ప్రింటర్, టెలిఫోన్ లైన్ లాంటి వాటి వైపు ఆయన మనసు మొదటి నుంచీ ఉంది. లోపల లెక్క చేయడం ఒక ఎత్తు, ఆ లెక్క మనిషి చేతికి కాగితంగా చేరడం ఇంకో ఎత్తు. ఆయన పట్టుకున్నది రెండోది.

వద్దు అనరు, సరే అనరు

మల్టిక్స్ అనుకున్న టైమ్‌కి అవ్వలేదు, ఖర్చు పెరిగిపోయింది. 1969లో బెల్ ల్యాబ్స్ ఆ ప్రాజెక్టు నుంచి బయటికొచ్చేసింది. చివరి దాకా అందులో మిగిలిన కొద్దిమందిలో నలుగురి పేర్లు తర్వాత చరిత్రకెక్కాయి. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ, డగ్ మెక్‌ఇల్‌రాయ్, జో ఒసానా.

ఇప్పుడు వాళ్ల పరిస్థితి ఊహించుకోండి. మంచి సిస్టమ్ ఎలా ఉంటుందో రుచి చూశారు. చేతిలో మెషీన్ మాత్రం లేదు. 1969 అంతా థాంప్సన్, రిచీ, ఒసానా మేనేజ్‌మెంట్ చుట్టూ తిరిగారు. ఒక మధ్యస్థాయి కంప్యూటర్ కొనిపెట్టండి, దానికి ఆపరేటింగ్ సిస్టమ్ మేం రాస్తాం అని అడిగారు. అడిగిన మెషీన్లేమో ఖరీదైనవి. మల్టిక్స్ దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ అన్న మాటంటేనే పైవాళ్లకు భయం పట్టుకుంది. గట్టిగా వద్దనలేదు, సరే అనీ అనలేదు. ఇంటర్వ్యూ అయ్యాక మెయిల్ పెడతాం అన్నవాళ్ల కోసం ఎదురుచూసినవాళ్లకు ఆ బాధ తెలుస్తుంది.

ఈలోగా థాంప్సన్ ఓ మూల పడున్న పాత పీడీపీ 7 మెషీన్ మీద చిన్న సిస్టమ్ ఒకటి రాశారు. అదే యూనిక్స్ మొలక. కానీ ఆ మెషీన్ అప్పటికే పాతబడింది. వేరేవాళ్లది కూడా.

ప్రతిపాదన మారింది, జవాబు మారింది

1970 మొదట్లో కొత్త ప్రతిపాదన వెళ్లింది. ఈసారి అడిగింది పీడీపీ 11 అనే కొత్త, చిన్న మెషీన్. ధర దాదాపు 65 వేల డాలర్లు. అంతకుముందు అడిగిన వాటితో పోలిస్తే చాలా తక్కువ.

ధర ఒక్కటే కాదు, అసలు అడిగిన తీరే మారింది. అంతకుముందు ఏదో ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తాం అన్నారు. ఈసారి డాక్యుమెంట్లు టైప్ చేసి, దిద్ది, చక్కగా పేజీలుగా అచ్చు తీసే సిస్టమ్ కట్టిస్తాం అన్నారు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే వర్డ్ ప్రాసెసింగ్. ఈ ఆలోచన వెనక ప్రధానంగా ఉన్నది ఒసానా. టెక్స్ట్‌ని కంప్యూటర్‌తో తీర్చిదిద్దడమంటే ఆయనకు బతికున్నంత కాలం ఇష్టం.

మొదట దీన్ని కూడా పైవాళ్లు మెచ్చలేదు. ముందువి మరీ మసకగా ఉంటే, ఇది మరీ ఇరుకుగా ఉందనిపించింది. చివరికి లీ మెక్‌మాన్ చొరవ తీసుకుని డబ్బు సంపాదించారు. 1970 మే నెలలో ఆర్డర్ వెళ్లింది.

ఆ వేసవి చివర ప్రాసెసర్ వచ్చింది. డిస్క్ రాలేదు. మెషీన్ ఎంత కొత్తదంటే, దానికి డిస్క్ డిసెంబర్ దాకా దొరకలేదు. అప్పటి దాకా ఆ పీడీపీ 11 ఎక్కువ రోజులు ఓ మూల కూర్చుని, చదరంగం గుర్రం 6 బై 8 గళ్ల బల్ల మీద ఎన్ని రకాలుగా చుట్టి రాగలదో లెక్కపెడుతూ ఉంది. ఆ లెక్కకు మూడు నెలలు పట్టింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. కాలేజీ ప్రాజెక్టు రివ్యూలో మనలో ఎక్కువమంది చేసే తప్పు ఇదే. ఏఐ ప్లాట్‌ఫామ్ కట్టాం, క్లౌడ్ సిస్టమ్ చేశాం అంటాం. అది ఎవరికి, ఏ పని తేలిక చేస్తుంది అని అడిగితే నీళ్లు నములుతాం. ఒసానా బృందానికి నిజంగా కావాల్సింది ఆపరేటింగ్ సిస్టమే. అయితే అది కావాలని అడగడంతో ఆపలేదు. దానితో ఎవరి పని జరుగుతుందో చూపించారు, తర్వాత ఆ పని నిజంగానే చేసి చూపించారు.

ముగ్గురు టైపిస్టులు, అర మెగాబైట్ డిస్క్

బెల్ ల్యాబ్స్‌లో పేటెంట్ విభాగం ఉంది. ఇంజినీర్లు కనిపెట్టినవాటికి పేటెంట్ దరఖాస్తులు తయారుచేయడం వాళ్ల పని. ఒక్కో దరఖాస్తు ఎన్నోసార్లు దిద్దాలి. దిద్దిన ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి టైప్ కొట్టాలి. వాళ్లు అప్పటికే బయటి నుంచి ఒక రెడీమేడ్ సిస్టమ్ కొనాలని చూస్తున్నారు.

ఒసానా వాళ్ల దగ్గర అప్పటికి రాఫ్ అనే ఫార్మాటింగ్ ప్రోగ్రామ్ ఉంది. దాని వంశం పెద్దదే. 1964లో ఎంఐటీలో జెరోమ్ సాల్జర్ రన్‌ఆఫ్ అనే ప్రోగ్రామ్ రాశారు. దాన్ని చూసి మెక్‌ఇల్‌రాయ్ మల్టిక్స్ మీద ఒకటి రాశారు. అక్కడి నుంచి పీడీపీ 7కి, దాన్నుంచి పీడీపీ 11కి వచ్చింది.

పేటెంట్ ఆఫీస్ నియమం ఒకటుంది. దరఖాస్తులో పేజీలకు లైన్ నంబర్లు ఉండాలి. వాళ్లు కొనాలనుకున్న సిస్టమ్‌కి అది చేతకాదు. యూనిక్స్ బృందం చకచకా రాఫ్‌లో ఆ సౌకర్యం పెట్టేసింది. గణిత గుర్తులు కొట్టగల టెలిటైప్ టెర్మినల్‌ని కూడా యూనిక్స్‌తో కలిపారు. అంతే, పేటెంట్ విభాగం ఇటు తిరిగింది. చూడ్డానికి చిన్న ఫీచర్. లూప్‌లో ఒక కౌంటర్ పెంచి, లైన్ పక్కన అచ్చేయడమే కదా అనిపిస్తుంది. కానీ కస్టమర్‌కి అది లేకపోతే మిగతాదంతా ఉన్నా లేనట్టే. నా బిల్లులో మొత్తం లైన్ లాగా.

1971 రెండో సగమంతా ముగ్గురు టైపిస్టులు ఆ మెషీన్ మీద పొద్దున్నించీ సాయంత్రం దాకా దరఖాస్తులు కొట్టారు, దిద్దారు, అచ్చు తీశారు. అదే మెషీన్ మీద, అదే టైమ్‌లో, థాంప్సన్, రిచీ వాళ్లు ఆపరేటింగ్ సిస్టమ్‌ని తయారుచేస్తున్నారు. మెమరీ మొత్తం 24 కిలోబైట్లు. డిస్క్ అర మెగాబైట్. ఒక ప్రోగ్రామ్ తప్పు చేస్తే పక్క ప్రోగ్రామ్‌కి తగలకుండా ఆపే రక్షణ లేదు. కొత్త ప్రోగ్రామ్ పరీక్షించాలంటే గుండె చేత్తో పట్టుకోవాలి, సిస్టమ్ పడిపోతే టైపిస్టుల పని కూడా పోతుంది. కొన్ని గంటలకోసారి డిస్క్ నిండిపోయేది, పాతది టేప్ మీదికి తోసెయ్యాలి.

ఇప్పుడు మనం ప్రొడక్షన్ సర్వర్ మీద టెస్టింగ్ చేయొద్దు అంటుంటాం కదా. యూనిక్స్ తొలి రోజుల్లో వాళ్లకి ఉన్నది ఆ ఒక్క సర్వరే.

ప్రయోగం సాగింది, నిలిచింది. పేటెంట్ విభాగం యూనిక్స్‌ని తీసుకుంది. బెల్ ల్యాబ్స్‌లో వీళ్ల పనిని ఒప్పుకున్న తొలి బయటి బృందం అదే. ఆ పేరుతోనే ఇంకా పెద్ద మెషీన్, పీడీపీ 11/45, కొనిపించగలిగారు. మనం ఈ రోజు వాడే లైనక్స్, ఆండ్రాయిడ్ ఆలోచనల మూలం వెతుక్కుంటూ పోతే, దారిలో ముగ్గురు టైపిస్టులు, లైన్ నంబర్లు వేసిన కాగితాలు కనిపిస్తాయి.

చుక్కతో మొదలయ్యే భాష

రాఫ్ చిన్నది. లైన్ పొడవు, మార్జిన్, లైన్ల మధ్య ఖాళీ చెప్తే అది చేసేది. అంతకుమించి అడిగితే చేతులెత్తేసేది. ఒసానాకి అది చాలలేదు. కొత్తగా ఎన్‌రాఫ్ రాశారు. అందులో అసలు తేడా, అది ఒక ప్రోగ్రామింగ్ భాష.

పద్ధతి ఇలా ఉంటుంది. మీరు మామూలు టెక్స్ట్ ఫైల్ రాస్తారు. లైన్ మొదట్లో చుక్క పెట్టి రెండక్షరాలు రాస్తే అది కమాండ్. చుక్క ఎస్‌పీ అంటే ఖాళీ వదులు. చుక్క బీపీ అంటే కొత్త పేజీ మొదలుపెట్టు. చుక్క ఎల్‌ఎల్ అంటే లైన్ పొడవు ఇంత. చుక్క లేని లైన్లన్నీ అచ్చు కావాల్సిన మాటలు. ప్రోగ్రామ్ ఆ మాటల్ని ఒక్కొక్కటిగా తీసుకుని లైన్‌లో నింపుతుంది. పట్టకపోతే కింది లైన్‌కి తోస్తుంది, మధ్య ఖాళీలు సర్ది రెండు అంచులూ సమంగా వచ్చేలా చేస్తుంది.

దీని మీద ఒసానా కట్టింది అసలు గొప్ప. కొన్ని కమాండ్లను గుత్తిగా కట్టి పేరు పెట్టుకోవచ్చు, అంటే మ్యాక్రో. అంకెలు దాచుకోవడానికి రిజిస్టర్లు ఉంటాయి. ఇది అయితే అలా చెయ్యి, లేకపోతే ఇలా చెయ్యి అనే షరతులు రాయొచ్చు. అన్నిటికన్నా తెలివైనవి రెండు.

ఒకటి, ట్రాప్. పేజీ అడుగు నుంచి ఒక అంగుళం పైన ఒక ఉచ్చు పెడతారు. అచ్చు అక్కడిదాకా దిగగానే, మీరు రాసిన మ్యాక్రో దానంతటదే నడుస్తుంది. పేజీ నంబర్ వేస్తుంది, కొత్త పేజీ తెరుస్తుంది, పైన శీర్షిక వేస్తుంది, తర్వాత ఆగిన చోటి నుంచి మళ్లీ అచ్చు కొనసాగుతుంది. డాక్యుమెంట్ రాసే మనిషికి పేజీ ఎక్కడ తెగుతుందో తెలియాల్సిన పనే లేదు. ఇప్పటి ఈవెంట్ హ్యాండ్లర్ రాసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. డాట్‌నెట్ డెస్క్‌టాప్ అప్లికేషన్‌లో ప్రింట్ కోడ్ రాస్తే, ప్రతి పేజీకి ఒక ఈవెంట్ వస్తుంది. ఇంకా పేజీలు ఉన్నాయా లేవా అని మనం జవాబు చెప్పాలి. ఆలోచన దగ్గరదగ్గరగా అదే.

రెండోది, డైవర్షన్. కొంత టెక్స్ట్‌ని వెంటనే పేజీ మీద వేయకుండా పక్కకు మళ్లించి దాచుకోవడం. దాచాక దాని ఎత్తు ఎంతో ప్రోగ్రామ్‌కి తెలుస్తుంది. ఫుట్‌నోట్‌ని పేజీ అడుగున పెట్టాలంటే, అది ఎంత చోటు తింటుందో ముందే తెలియాలి కదా. ముందు కొలువు, తర్వాత వెయ్యి. ప్రింట్ కోడ్‌లో నూటికి తొంభై తప్పులు ఈ వరస తిప్పేయడం వల్లే వస్తాయని నా అనుభవం.

నా బిల్లు సంగతి కూడా ఇక్కడే ఉంది. చుక్క ఎన్‌ఈ అని రాసి పక్కన ఒక కొలత ఇస్తే, కింద అంత చోటు మిగిలి ఉందా అని ప్రోగ్రామ్ చూస్తుంది. ఉంటే ముందుకెళ్తుంది, లేకపోతే కొత్త పేజీకి వెళ్తుంది. చివరి రెండు సరుకులు, మొత్తం, సంతకం చోటు, అన్నీ కలిపి ఎంత ఎత్తో చెప్పి ఆ కమాండ్ రాస్తే, మొత్తం లైన్ ఒంటరిగా పక్క పేజీకి వెళ్లదు. ఇప్పుడు వెబ్ పేజీని పీడీఎఫ్ చేసేటప్పుడు, ఈ ముక్కని మధ్యలో విరగ్గొట్టొద్దు అని సీఎస్ఎస్‌లో రాస్తాం. ఆ కోరిక వయసు యాభై ఏళ్లు దాటింది.

వెలుగుతో అచ్చు

1973 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌కి ఒక ఫొటోటైప్‌సెట్టర్ వచ్చింది. గ్రాఫిక్ సిస్టమ్స్ కంపెనీది, పేరు క్యాట్. అందులో గుండ్రంగా తిరిగే చక్రం మీద ఫిల్మ్ ఉంటుంది. ఫిల్మ్ మీద అక్షరాలు. కావాల్సిన అక్షరం ఎదురుగా రాగానే లైట్ మెరుస్తుంది, ఆ అక్షరం నీడ ఫొటో కాగితం మీద పడుతుంది. తర్వాత కాగితాన్ని ఫొటో కడిగినట్టు కడగాలి. ఒకేసారి నాలుగు ఫాంట్లు, ఒక్కో దానిలో 102 గుర్తులు. సైజులు 6 పాయింట్ల నుంచి 36 పాయింట్ల దాకా 15.

టైప్‌రైటర్ లాంటి టెర్మినల్‌లో అన్ని అక్షరాలూ ఒకే వెడల్పు. ఇక్కడ ఐ సన్నగా, ఎమ్ వెడల్పుగా ఉంటాయి. ప్రతి అక్షరం వెడల్పూ ప్రోగ్రామ్‌కి తెలియాలి. ఆ మెషీన్‌కి పేజీ అంటే ఏమిటో తెలియదు. ఈ అక్షరం వెయ్యి, ఇంత జరుగు, కింద లైన్‌కి దిగు, అంతే. పేజీ అనే తెలివి మొత్తం సాఫ్ట్‌వేర్ నుంచే రావాలి.

ఆ తెలివి కోసం ఒసానా ఎన్‌రాఫ్‌ని పెంచి టీరాఫ్ రాశారు. క్యాట్ అడ్డంగా అంగుళంలో 432వ వంతు, నిలువుగా 144వ వంతు చొప్పున జరుగుతుంది. అచ్చు పనిలో పాయింట్ అంటే అంగుళంలో 72వ వంతు. అంటే ఒక పాయింట్‌కి అడ్డంగా సరిగ్గా ఆరు అడుగులు, నిలువుగా రెండు. దశాంశాల గోల లేదు. రాసేవాళ్లు అంగుళాల్లో చెప్పినా, సెంటీమీటర్లలో చెప్పినా, పాయింట్లలో చెప్పినా ప్రోగ్రామ్ లోపల ఒకే కొలతలోకి మార్చుకుంటుంది. స్క్రీన్ పిక్సెల్, ప్రింటర్ డాట్, పాయింట్, మిల్లీమీటర్ అన్నీ కలగాపులగం చేసి లేబుల్ పక్కకి జరిగిపోతోందని తల పట్టుకునే ఫ్రెషర్లకు ఇదొక్కటి చాలు. బయట ఎన్ని కొలతలున్నా, లోపల ఒకటే ఉంచుకోండి.

టీరాఫ్ మొదట పీడీపీ 11 అసెంబ్లీ భాషలో ఉండేది. 1975 ప్రాంతంలో ఒసానా దాన్ని సీలో తిరగరాశారు. ఈలోగా పక్కవాళ్లు దాని చుట్టూ పనిముట్లు కట్టారు. బ్రయన్ కెర్నిగన్, లోరిండా చెర్రీ కలిసి గణిత సమీకరణాల కోసం ఈక్యూఎన్ రాశారు. మైక్ లెస్క్ పట్టికల కోసం టీబీఎల్ రాశారు, ఎమ్ఎస్ అనే మ్యాక్రోల కట్ట కూడా చేశారు. వీళ్లు టీరాఫ్‌ని ముట్టుకోలేదు. తమ ప్రోగ్రామ్ సమీకరణాన్ని చదివి టీరాఫ్ కమాండ్లుగా మారుస్తుంది, పైప్ ద్వారా టీరాఫ్‌కి అందిస్తుంది. యూనిక్స్ పైప్ అంటే ఏమిటని ఇంటర్వ్యూలో అడిగితే, అందరూ చెప్పే ఉదాహరణ బదులు ఇది చెప్పి చూడండి.

1976లో ఒసానా ఎన్‌రాఫ్, టీరాఫ్‌లకు యూజర్ మాన్యువల్ రాశారు. ఒక్క మాట ఎక్కువుండదు, ఒక్క విషయం వదలదు. చదవడం కష్టమే, కానీ ఏ సందేహానికైనా జవాబు అందులో ఉంటుంది.

కామెంట్లు లేని ఏడు వేల లైన్లు

1977 నవంబర్ 28న ఒసానా చనిపోయారు. నలభై తొమ్మిదో పుట్టినరోజుకి ఇంకా పన్నెండు రోజులుంది.

తర్వాతి ఏడాది రెండు అచ్చు పనులు బయటికొచ్చాయి. ఒకటి కెర్నిగన్, రిచీ రాసిన సీ పుస్తకం. మన లైబ్రరీల్లో పేజీలు ఊడిపోయి కనిపించే ఆ సన్నటి పుస్తకమే. దాని తొలి ముద్రణ పేజీల్ని రచయితలే యూనిక్స్ మీద, క్యాట్ ఫొటోటైప్‌సెట్టర్‌తో కూర్చుకున్నారు. అంటే ప్రతి పేజీని నిలబెట్టింది టీరాఫ్. రెండోది బెల్ సిస్టమ్ టెక్నికల్ జర్నల్ వేసిన యూనిక్స్ ప్రత్యేక సంచిక. అందులో డాక్యుమెంట్ల తయారీ మీద వచ్చిన పేపర్‌లో కెర్నిగన్, లెస్క్‌లతో పాటు ఒసానా పేరుంది. ఆ పేరు అచ్చులో చూసుకోవడానికి ఆయన లేరు.

ఆయన వదిలివెళ్లిన టీరాఫ్ దాదాపు 7,000 లైన్ల సీ కోడ్. కామెంట్లు లేవు. ప్రతిచోటా క్యాట్ మెషీన్ లెక్కలు కోడ్‌లో కలిసిపోయి ఉన్నాయి. వాడేవాళ్లేమో చాలామంది. బెల్ ల్యాబ్స్‌లో పేపర్లన్నీ దాని మీదే నడుస్తున్నాయి. తెలిసిన ఒక్క మనిషీ లేడు.

కొన్నాళ్లు ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. క్యాట్ పాతబడుతోంది, కొత్త టైప్‌సెట్టర్లు వస్తున్నాయి. చివరికి కెర్నిగన్ పూనుకున్నారు. 1979 నాటికి ఆయన దాన్ని ఏ ఒక్క మెషీన్‌కీ కట్టుబడకుండా మార్చారు. టీరాఫ్ ఇక నేరుగా మెషీన్‌తో మాట్లాడదు. ఏ అక్షరం ఎక్కడ అనే వివరం మామూలు టెక్స్ట్‌గా రాస్తుంది. ఒక్కో ప్రింటర్‌కి ఒక్కో చిన్న ప్రోగ్రామ్ దాన్ని చదివి ఆ ప్రింటర్ భాషలోకి మారుస్తుంది. అక్షరాల వెడల్పులు కోడ్‌లోంచి తీసేసి ఫైళ్లలో పెట్టారు.

రెండు విషయాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒసానా డిజైన్ ఎంత బలంగా ఉందంటే, ఆయన పోయాక కూడా ఆ భాషని పెద్దగా మార్చాల్సిన అవసరం రాలేదు. అదే మనిషి కోడ్ ఎంత మూసుకుని ఉందంటే, కెర్నిగన్ అంతటి మనిషి కూడా దాన్ని విప్పుకోవడానికి కష్టపడాల్సి వచ్చింది. ఎంత తెలివైనవాళ్లైనా రేపు ఈ సీట్లో ఇంకొకరు కూర్చుంటారని అనుకుని రాయాలి. రేపు కూర్చునేది ఆరు నెలల తర్వాతి మీరే కావచ్చు కూడా.

ఇంకా నడుస్తోంది

1990లో జేమ్స్ క్లార్క్ అనే ప్రోగ్రామర్ టీరాఫ్‌కి ఉచిత రూపం జీరాఫ్‌ని సీ ప్లస్ ప్లస్‌లో రాసి విడుదల చేశారు. చాలా లైనక్స్ మెషీన్లలో ఉండేది అదే. నెట్‌వర్క్స్ పుస్తకాలతో మన విద్యార్థులందరికీ తెలిసిన రిచర్డ్ స్టీవెన్స్ తన పుస్తకాల పేజీల్ని ఈ కుటుంబం పనిముట్లతోనే తనే కూర్చుకునేవారు.

మ్యాన్ కమాండ్ కొట్టినప్పుడు తెర మీద కనిపించే పేజీ కూడా అంతే. ఆ ఫైల్ తెరిచి చూస్తే చుక్క టీహెచ్, చుక్క ఎస్‌హెచ్, చుక్క బీ అంటూ లైన్లు కనిపిస్తాయి. అవి ఒసానా భాష మీద కట్టిన మ్యాక్రోలు. నెట్ పోయినా, బ్రౌజర్ లేకపోయినా, సర్వర్ రూమ్‌లో అర్ధరాత్రి ఆదుకునేవి ఆ పేజీలే.

ఒక లోటు మాత్రం ఉంది. జీరాఫ్ ఇంగ్లిష్ లాంటి లిపుల కోసం పుట్టింది. మన ఒత్తులు, గుణింతాలు కలిపి సరిగ్గా కూర్చే ఏర్పాటు అందులో లేదు. తెలుగులో బిల్లు, రసీదు, మార్కుల మెమో అచ్చు తీసే కోడ్ రాసినవాళ్లకు తెలుసు, స్క్రీన్ మీద సరిగ్గా ఉన్న ఒత్తు ప్రింటర్‌లో ఎలా పక్కకి జారుతుందో. ఆ పని ఇంకా మిగిలే ఉంది. కావాలంటే చేసేవాళ్లకు చోటుంది.

ఈ వారం చేసి చూడండి

ల్యాబ్‌లో లైనక్స్ ఉంటే చాలు, ఖర్చేమీ లేదు.

ముందుగా మ్యాన్ మ్యాన్ అని కొట్టి, ఆ కమాండ్ గురించి అదే చెప్పేది చదవండి. తర్వాత ఏదైనా ఒక మ్యాన్ పేజీ అసలు ఫైల్ వెతికి, విప్పి, చుక్కతో మొదలయ్యే లైన్లు ఎన్ని రకాలున్నాయో రాసుకోండి.

రెండోది, మీ రెజ్యూమెని మామూలు టెక్స్ట్ ఫైల్‌లో రాసి, ఎమ్ఎస్ మ్యాక్రోలతో జీరాఫ్ ద్వారా పీడీఎఫ్ తీయండి. మార్జిన్ ఎంత, శీర్షిక ఎక్కడ, పేజీ నంబర్ ఎలా అనేది మీరే చెప్పాలి. ఇంటర్వ్యూలో మీ రెజ్యూమె గురించి మాట్లాడటానికి ఒక కొత్త విషయం దొరుకుతుంది.

మూడోది, కోడింగ్ వచ్చినవాళ్లకు. మీకు తెలిసిన భాషలో ఒక బిల్లు ప్రింట్ చేసే ప్రోగ్రామ్ రాయండి. ఐదు సరుకులతో, యాభై సరుకులతో, సరిగ్గా పేజీ నిండేన్ని సరుకులతో పరీక్షించండి. మొత్తం లైన్ ఎప్పుడూ ఒంటరి కాకూడదు. చదివేవాళ్లకు అర్థమయ్యేలా కామెంట్లు రాయండి. ప్లేస్‌మెంట్ ప్రాజెక్టుల జాబితాలో ఇది చిన్నగా కనిపించొచ్చు. కానీ ఇంటర్వ్యూ చేసే మనిషి ఎప్పుడైనా ప్రింట్ మాడ్యూల్ రాసి ఉంటే, ఆ ఒక్క లైన్ దగ్గర ఆగి మిమ్మల్ని ఇంకో ప్రశ్న అడుగుతాడు.